ఆ స్టాంపుల ఆల్బమ్‌కి ఐదు లక్షలు ఎవరిస్తారండీ?

పాత స్టాంపులు అని కొట్టి ఏ సెకండ్ హ్యాండ్ యాప్‌లో వెతికినా ఒకటే వరస. మంచం మీదో డైనింగ్ టేబుల్ మీదో ఆల్బమ్ పరిచి పైనుంచి తీసిన ఫోటో, ఫ్లాష్ పడి సగం స్టాంపులు తెల్లగా మెరిసిపోతుంటాయి, కింద "రేర్ యాంటిక్ కలెక్షన్, 60 దేశాలు, మా నాన్నగారి 40 ఏళ్ల కష్టం, సీరియస్ బయ్యర్స్ మాత్రమే కాల్ చేయండి" అని రాసి ధర దగ్గర 5,00,000. కొంతమంది 25 లక్షలు పెడతారు. కోటి పెట్టినవాళ్లని కూడా చూశా. జూమ్ చేసి చూస్తే లోపల ఆరో జార్జి బొమ్మ ఉన్న అణా స్టాంపులు, ఫ్యామిలీ ప్లానింగ్ ఎర్ర స్టాంపులు ఓ పది, మగ్యార్ పోస్టా అని రాసున్న హంగేరీవి, హిట్లర్ తల ఉన్న జర్మనీవి, అజ్మాన్ ఫుజైరా అని రాసున్న గుర్రాలు, రాకెట్లు. ఇవన్నీ విడివిడిగా ఏ డీలర్ దగ్గరికెళ్లి కొనుక్కున్నా మొత్తం కలిపి రెండు మూడు వేలు దాటదు. అదే ఆల్బమ్, అదే ఫోటో, అదే ధరతో మళ్ళీ వచ్చే ఏడాది కూడా కనిపిస్తుంది. ఎవరూ కొనరు, వాళ్లు తగ్గించరు.

నేను స్కూల్ రోజులనుంచి స్టాంపులు పోగేస్తున్నా, పాత ఆల్బమ్స్ కొంటుంటా, తెలిసినవాళ్లు తమ బంధువుల కలెక్షన్ చూసి చెప్పమని పంపిస్తుంటారు కూడా. అందుకే ఈ విషయం ఒకసారి వివరంగా రాయాలనిపించింది. ఇలా ధర పెట్టేవాళ్లలో ఎక్కువమంది మోసగాళ్లు కాదు, ఇది ముందే చెప్పాలి. వాళ్లు నిజంగానే నమ్ముతున్నారు. ఆ నమ్మకం ఎక్కడినుంచి వస్తోందో తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

మొదటిది పేపర్లో వచ్చే వార్తలు. బ్రిటిష్ గయానా వన్ సెంట్ మెజెంటా అని ఒక స్టాంపుంది, ప్రపంచం మొత్తం మీద ఒక్కటే ఉంది, 2014లో దాదాపు 95 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. అప్పుడు అన్ని పేపర్లలోనూ వచ్చింది. అదే స్టాంపు 2021లో మళ్ళీ వేలానికొస్తే 83 లక్షల డాలర్లే పలికింది, అంటే తగ్గింది, కానీ ఆ తగ్గిన సంగతి ఎవరికీ గుర్తుండదు. మన దగ్గరైతే గాంధీ స్టాంపు. 2017లో లండన్ డీలర్ స్టాన్లీ గిబ్బన్స్ నాలుగు గాంధీ స్టాంపుల్ని 5 లక్షల పౌండ్లకి అమ్మారు, మన డబ్బుల్లో 4 కోట్లు. ఆ వార్త వచ్చాక ఇంట్లో గాంధీ బొమ్మ ఉన్న స్టాంపున్న ప్రతివాళ్లూ లక్షాధికారులం అయిపోయాం అనుకున్నారు, నాకు కూడా ఫోన్లు వచ్చాయి.

ఆ నాలుగు స్టాంపుల కథ కాస్త చెప్పాలి, ఎందుకంటే ధర దేనికొస్తుందో దీంట్లో మొత్తం ఉంది. స్వాతంత్ర్యం వచ్చి ఏడాదైన రోజున, 1948 ఆగస్టు 15న, గాంధీ గారి జ్ఞాపకంగా నాలుగు వేరువేరు ధరల స్టాంపులు వేశారు, అణాన్నర, మూడున్నర అణాలు, 12 అణాలు, 10 రూపాయలు. స్విట్జర్లాండ్‌లో కూర్వాజియే కంపెనీ ప్రింట్ చేసింది. మామూలు ఉత్తరానికి అణాన్నర చాలు అప్పట్లో, కాబట్టి అణాన్నర స్టాంపు దేశమంతా విపరీతంగా వాడారు, ఇవాళ్టికీ వాడిన అణాన్నర గాంధీ ఎవరి దగ్గరైనా దొరుకుతుంది, చాలా తక్కువ రేటుకి. 10 రూపాయలంటే అప్పట్లో చాలా పెద్ద మొత్తం, అది పెట్టి స్టాంపు కొని దాచుకున్నవాళ్లు తక్కువ, అందుకే గమ్ పోకుండా, మచ్చ లేకుండా ఉన్న 10 రూపాయల గాంధీ ఇప్పుడు వేలల్లో పలుకుతుంది. అదే 10 రూపాయల స్టాంపు మీద సర్వీస్ అని ముద్ర వేసి గవర్నర్ జనరల్ ఆఫీసు వాడకానికి 100 మాత్రమే చేశారు. 4 కోట్లు పలికింది వీటిల్లోవి నాలుగు కలిసున్న స్ట్రిప్. బొమ్మ ఒకటే, గాంధీ గారు ఒకరే, తేడా అంతా ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి అన్నదాంట్లో ఉంది. ఇంకోటి, ఆ సర్వీస్ ముద్రని దొంగగా కొట్టేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, కాబట్టి స్టాంపు అసలుదో నకిలీదో తేల్చే ఎక్స్‌పర్ట్ కమిటీ సర్టిఫికెట్ లేకుండా దాన్ని ఎవరూ ముట్టుకోరు. నాకు ఫోన్ చేసిన వాళ్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి 1948వి కూడా కాదు, 1969లో శతజయంతికి వేసినవి, లేదంటే ఆ తర్వాత రోజూ పోస్టాఫీసులో అమ్మిన చిన్న గాంధీలు.

రెండోది ఒకళ్లని చూసి ఒకళ్లు పెట్టే ధర. మన ఊళ్లల్లో భూముల సంగతి తెలిసిందే కదా, హైవే పక్కన ఎవరో ఎకరం కోటికి అమ్మారని విని, నాలుగు కిలోమీటర్ల లోపల దారి కూడా లేని పొలానికి అదే రేటు చెప్తారు. స్టాంపుల్లోనూ అంతే. ఆన్‌లైన్‌లో ఒకడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ బొమ్మ ఉన్న ఆకుపచ్చ అమెరికా వన్ సెంట్ స్టాంపుకి పది లక్షలు పెడతాడు, రెండోవాడు అది చూసి తన దగ్గర కూడా ఉంది కదా అని పన్నెండు పెడతాడు, మూడోవాడు ఆ రెండూ చూసి మార్కెట్ రేటు ఇదే అనుకుంటాడు. అసలు దీనికి మూలం ఏంటంటే 1868 నాటి నీలం రంగు ఫ్రాంక్లిన్ స్టాంపు, జెడ్ గ్రిల్ అంటారు, కాగితం మీద చిన్న చిన్న గళ్లు నొక్కినట్టు ఉంటుంది, లోకంలో రెండే ఉన్నాయని తెలుసు, ఒకటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీది, రెండోదాన్ని 2005లో ఇన్వర్టెడ్ జెన్నీ అనే, విమానం బొమ్మ తలకిందులుగా అచ్చైన స్టాంపుల బ్లాకుతో మార్పిడి చేసుకున్నారు. మన ఆల్బమ్స్‌లో ఉండే ఆకుపచ్చ ఫ్రాంక్లిన్ దానికి దశాబ్దాల తర్వాత వేసింది, రంగు వేరు, కోట్ల సంఖ్యలో అచ్చేశారు. ఇంగ్లాండ్ రాణి తల ఉన్న చిన్న ఎర్ర స్టాంపులు కూడా ఇంతే, 1967లో మొదలైన ఆ సిరీస్‌ని వేల కోట్లల్లో ప్రింట్ చేశారు, 2022లో రాణి పోయాక వాటికి కూడా లక్షలు పెట్టడం మొదలుపెట్టారు. వాటిని డీలర్లు కిలోల లెక్కన అమ్ముతారండీ, నిజంగా తూకం వేసి.

కాబట్టి నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. అడిగిన ధర చూడకండి, అమ్ముడుపోయిన ధర చూడండి. ఈబేలో సోల్డ్ ఐటమ్స్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది, దాన్ని నొక్కితే నిజంగా ఎవరో డబ్బు కట్టి కొన్నవి మాత్రమే కనిపిస్తాయి. లక్షల ధర పెట్టిన ఫ్రాంక్లిన్లు ఒక్కసారిగా మాయమై, అదే స్టాంపు కొన్ని సెంట్లకి పోయిన లిస్టు వస్తుంది. వేలం కంపెనీలు కూడా అయిపోయిన సేల్స్ రేట్లు పెడతాయి, ప్రతి లాట్‌కీ, అంటే వేలానికి పెట్టిన ప్రతి వస్తువుకీ, ఎంత పలికిందో ఉంటుంది, అసలు పలకని లాట్లు ఏవో కూడా తెలుస్తుంది.

మూడోది వయసు. "సార్ ఇది వందేళ్ల నాటిది" అంటారు. వందేళ్లైతే ఏమైంది అని అడగడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది, కానీ నిజం అదే. ప్రపంచంలో మొట్టమొదటి స్టాంపు పెన్నీ బ్లాక్, 1840 మే నెలలో వచ్చింది, 6.8 కోట్లు ప్రింట్ చేశారు, ఓ మోస్తరుగా ఉన్న వాడిన పెన్నీ బ్లాక్ ఇవాళ కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది. దానికంటే పాత స్టాంపు ఇంకోటి లేదు కదా, మరి దానికే అంత తక్కువ ధర అయితే 1940 నాటి అణా స్టాంపుకి లక్ష ఎలా వస్తుంది. బ్రిటిష్ కాలంలో ఐదో జార్జి, ఆరో జార్జి తలలున్న మామూలు స్టాంపులు కోట్లల్లో వేశారు, 1925లో నాసిక్‌లో సెక్యూరిటీ ప్రెస్ పెట్టిన తర్వాత ఇక్కడే అచ్చయ్యేవి, ప్రతి తాలూకాలో, ప్రతి పల్లెటూరి పోస్టాఫీసులో అమ్మేవారు. అదే 1852లో కరాచీలో అప్పటి సింధ్ కమిషనర్ బార్టిల్ ఫ్రియర్ వేయించిన సిండ్ డాక్ అనే స్టాంపు అయితే వేరే సంగతి, ఆసియా మొత్తానికే అంటించే స్టాంపుల్లో అదే మొదటిది. కానీ సిండ్ డాక్ మామూలు ఇంటి ఆల్బమ్‌లో నాకు ఎప్పుడూ కనపడలేదు, దాని బొమ్మ కత్తిరించి అంటించినవి మాత్రం కనపడ్డాయి.

మన తెలుగువాళ్ల స్టాంపుల్ని కూడా ఇందులో కలిపేస్తున్నారు. 1974 కందుకూరి వీరేశలింగం, 1975 ప్రపంచ తెలుగు మహాసభల స్టాంపు, గురజాడ, 1986 అల్లూరి సీతారామరాజు, ఇవన్నీ నాకు చాలా ఇష్టమైనవి, ప్రతి తెలుగు ఇంట్లో ఒక్కోటి ఉండాలని నా కోరిక. కానీ అవి లక్షల్లో వేసిన స్టాంపులు, కొత్తవి, గమ్ ఉన్నవి కూడా పదుల రూపాయల్లో దొరుకుతాయి. అల్లూరి స్టాంపుకి యాభై వేలు అని పెట్టి కింద "విప్లవ వీరుడికి విలువ కట్టలేం" అని రాస్తే చదివే కుర్రాడు ఏమనుకుంటాడు, ఇది నాకు అందని వ్యవహారం అనుకుని వెళ్ళిపోతాడు. ఇరవై ముప్పై రూపాయలు పెట్టి కొనుక్కుని జీవితాంతం దాచుకోగలిగే వస్తువది. 2006లో వచ్చిన గంధం వాసన స్టాంపు కూడా అంతే, దాని మీద ఉన్న ధర 15 రూపాయలు, దాన్ని పదివేలకి పెట్టినవాళ్లున్నారు.

కేటలాగ్, అంటే స్టాంపుల ధరల పుస్తకం, చూపించి మాట్లాడేవాళ్లు ఇంకో రకం. వాళ్లతో మాట్లాడటం కాస్త కష్టం, చేతిలో పుస్తకం ఉంటుంది కాబట్టి. స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగ్‌లో ఒక స్టాంపుకి 50 పెన్నీలు అని ఉంటే, దానర్థం మీ దగ్గర ఆ స్టాంపు ఎవరైనా 50 పెన్నీలకి కొంటారని కాదు. మంచి కండిషన్‌లో ఉన్న ఒక్క స్టాంపుని వాళ్లు తమ షాపులో ఆ రేటుకి అమ్ముతారని అర్థం. అట్టడుగున ఉన్న అలాంటి ధరల్లో స్టాంపు ఖరీదు దాదాపు ఏమీ ఉండదు, దాన్ని వెతికి, తీసి, కవర్లో పెట్టి ఇచ్చే మనిషి జీతమే అది. అలాంటివి ఓ రెండువేలు ఉన్నాయని 50తో గుణించి, మళ్ళీ పౌండు రేటుతో గుణించి లక్ష తేలుస్తారు. డీలర్ కొనేటప్పుడు కేటలాగ్‌లో మూడో వంతు కూడా ఇవ్వడు చాలాసార్లు, మామూలు స్టాంపులకైతే అసలు ఆ లెక్కే వాడడు, ఆల్బమ్ మొత్తానికి ఇంత అని ఒక మాట చెప్తాడు. దోచేస్తున్నాడని కాదు, ఆ రెండువేల స్టాంపుల్లో ఎవరికైనా కావాల్సినవి పది ఉంటే, మిగతావి అతని అల్మారాలో ఏళ్లకేళ్లు పడుంటాయి.

అసలు మన ఇళ్లల్లో ఆల్బమ్స్ ఎలా తయారయ్యాయో గుర్తు చేసుకోండి. డెబ్బైల్లో ఎనభైల్లో స్టేషనరీ షాపుల్లో 100 ప్రపంచ స్టాంపులు అని ప్లాస్టిక్ ప్యాకెట్లు అమ్మేవారు. వాటిల్లో వచ్చేవి చాలావరకు హంగేరీ, పోలండ్, రుమేనియా, మంగోలియా, ఇంకా గల్ఫ్‌లో అజ్మాన్, ఫుజైరా లాంటి చిన్న చిన్న ఎమిరేట్లవి. ఆ ఎమిరేట్లు అరవైల్లో ఏజెంట్లతో కాంట్రాక్టులు రాసుకుని కలెక్టర్ల కోసమే లెక్కలేనన్ని స్టాంపులు వేయించాయి, వాటిల్లో చాలావాటికి ఆ దేశం పోస్టాఫీసు గడప తొక్కే పనే పడలేదు. చూడటానికి పెద్దగా, రంగురంగులుగా, పులులూ అంతరిక్ష నౌకలూ పూలూ బొమ్మలతో ఉంటాయి కాబట్టి పిల్లలకి పిచ్చి ఇష్టం, ఇప్పటికీ చూడటానికి బాగుంటాయి, నేనేమీ కాదనను. కానీ మూలన పావు వంతు గుండ్రటి ముద్ర నీట్‌గా పడి, వెనక గమ్ అలాగే ఉందంటే అది ఉత్తరం మీద ప్రయాణం చేసిన స్టాంపు కాదు, ప్రెస్‌లోనే ముద్ర కొట్టి ప్యాకెట్లకి అమ్మేసినది. వాటికి ఈరోజు రేటు రూపాయి రెండు రూపాయలు.

ఇంక కండిషన్. మనలో ఎక్కువమంది అన్నం మెతుకులతోనో మైదా జిగురుతోనో గమ్ బాటిల్‌తోనో నోట్‌బుక్‌లో అంటించినవాళ్లమే. పైనుంచి సెల్లోటేప్ వేసినవాళ్లు కూడా ఉన్నారు, ఆ టేపు ఇరవై ఏళ్లకి పసుపుపచ్చగా మారి స్టాంపులోకి ఇంకిపోతుంది, ఇక దానికి మందు లేదు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి చోట్ల ఉప్పుగాలికీ తేమకీ స్టాంపు అంచుల మీద గోధుమరంగు చుక్కలు వస్తాయి, ఫాక్సింగ్ అంటారు, బీరువాలో దాచినా వస్తాయి, గాలి తగలకపోతే ఇంకా ఎక్కువ వస్తాయి. అంచు పళ్లల్లో ఒక్కటి ఊడినా, వెనక కాగితం పలచబడినా ఖరీదైన స్టాంపు కూడా పావు ధరకి పడిపోతుంది. ఇవేవీ ఫ్లాష్ పడిన ఫోటోలో కనపడవు. ఐదు లక్షలు అడిగినవాళ్లు వెనకవైపు ఫోటో ఒక్కటి పెట్టమంటే పెట్టరు, చాలామందికి వెనకవైపు కూడా చూస్తారని తెలియదు.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టే సంగతి వేరే ఉంది. ధర వచ్చే వస్తువుని పారేసి ధర రాని వస్తువుని దాచుకుంటున్నాం.

ఒకావిడ ఉత్తరాంధ్ర నుంచి మెసేజ్ పెట్టారు, వాళ్ల తాతగారి ఆల్బమ్, ఎనిమిది లక్షలకి అమ్ముదామనుకుంటున్నాం, చూసి చెప్పండి అని. ఫోటోలన్నీ చూసి, అమ్మా ఏమీ అనుకోవద్దు, ఇది మొత్తం కలిపి నాలుగు వేలు వస్తే మంచి ధర అని చెప్పా. ఆవిడకి కోపమొచ్చింది. "మీలాంటివాళ్లే ఇలా తక్కువ చేసి చెప్పి మా దగ్గర కొట్టేద్దామని చూస్తారండీ, మా తమ్ముడు ముందే చెప్పాడు" అన్నారు. నేను కొననమ్మా, మీకు తెలిసిన ఇంకెవరికైనా చూపించండి, కానీ ఒక్క మాట చెప్పండి, తాతగారు ఈ స్టాంపులు ఎక్కడినుంచి తీశారు, ఆ కవర్లేమైనా మిగిలాయా అని అడిగా. ఆ పాత ఉత్తరాలా, అవి ట్రంకుపెట్టెలో ఉన్నాయి, చిత్తుకాగితాల కింద వేసేద్దామనుకుంటున్నాం అన్నారు. నా గుండె ఆగినంత పనైంది. వెయ్యొద్దమ్మా, రెండు ఫోటోలు పెట్టండి అని బతిమాలితే మర్నాడు పెట్టారు.

అన్నీ రంగం నుంచి, అంటే రంగూన్ నుంచి వచ్చిన ఉత్తరాలు. వాళ్ల ముత్తాతగారు రంగూన్‌లో పనిచేసేవారట, మన శ్రీకాకుళం విశాఖ గోదావరి వైపు నుంచి వేలమంది ఓడలెక్కి బర్మా వెళ్లి మిల్లుల్లో రేవుల్లో పనిచేసిన రోజులవి. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు, అప్పటిదాకా అక్కడ వాడింది మన ఇండియా స్టాంపులే, విడిపోయాక మొదట్లో ఇండియా స్టాంపుల మీదే బర్మా అని ముద్రేసి వాడారు. ఆ కట్టలో రెండు రకాలూ ఉన్నాయి. కవరు మీద రంగూన్ ముద్ర, మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అడ్రసు, వెనక వాళ్ల ఊరి పోస్టాఫీసు చేరిన తేదీ ముద్ర. చివర్లో ఉన్నవాటి మీద యుద్ధకాలం సెన్సార్ వాళ్లు విప్పి మళ్ళీ అంటించిన కాగితం చీటీ కూడా ఉంది. ఆ తర్వాత ఉత్తరాలు లేవు, 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద బాంబులు పడ్డాయి, 1942లో లక్షలమంది నడిచి ఇండియాకి వచ్చారు, మధ్యలో ఎంతోమంది పోయారు.

ఇప్పుడు చూడండి, 1937కి ముందు ఆ ఉత్తరం మీద ఉన్న ఐదో జార్జి స్టాంపుని నీళ్లల్లో నానబెట్టి తీసి ఆల్బమ్‌లో పెడితే అది మామూలు ఇండియా స్టాంపు, ఐదు రూపాయలు. కవరుతో అలాగే ఉంటే అది రంగంలో తెలుగువాడు తన ఇంటికి రాసిన ఉత్తరం, తేదీతో, ముద్రలతో, దస్తూరీతో. దాన్ని కొనే కలెక్టర్లున్నారు, చరిత్ర రాసేవాళ్లకి కావాలి, ఒక్కో కవరు ఆ ఆల్బమ్‌లో ఓ పేజీ కంటే ఎక్కువ చేస్తుంది. తాతగారు సగం కవర్లకి స్టాంపులు ఊడదీసేశారు, అప్పట్లో అందరం అదే చేశాం, కవర్ పారేసి స్టాంపు దాచుకోవడమే హాబీ అన్నారు మనకి. మిగిలిన సగం అయినా మిగిలింది. ఆవిడ ఎనిమిది లక్షల ఆల్బమ్ ఇంకా యాప్‌లోనే ఉంది, కానీ ఉత్తరాలు మాత్రం ప్లాస్టిక్ కాని కవర్లలో విడివిడిగా పెట్టి దాచారని తర్వాత మెసేజ్ పెట్టారు, వాటిని అమ్మబోమని కూడా చెప్పారు. నాకు అదే సంతోషం.

హైదరాబాద్ స్టేట్ సంగతి కూడా అచ్చం ఇంతే. నిజాం స్టాంపులంటే రాజుగారి ఖజానా అనుకుంటారు, చార్మినార్ బొమ్మ ఉన్న అణా స్టాంపుకి రెండు లక్షలు పెట్టారు ఒకళ్లు. 1931లో మొదలైన ఆ సిరీస్ స్టాంపులు ఏళ్ల తరబడి వాడారు, వాడిన చార్మినార్ పదుల రూపాయల్లో వస్తుంది. మంచి స్టాంపు, తెలుగు అక్షరాల్లో విలువ రాసుండే స్టాంపులవి, ఉర్దూ ఇంగ్లీషు మరాఠీలతో పాటు, ఆ ఒక్క కారణానికే ప్రతి తెలుగు కలెక్టర్ దగ్గరా ఉండాలి. కానీ డబ్బుల మాట మాట్లాడితే, ఏదో ఒక చిన్న తాలూకా పోస్టాఫీసు ముద్ర స్పష్టంగా పడిన నిజాం కవరుకి ఉన్న గిరాకీ ఊడదీసిన స్టాంపులకి ఉండదు. వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పాత ఇళ్లల్లో కోర్టు కాగితాల మధ్య, వ్యాపారం లెక్కల కట్టల్లో ఇవి ఇంకా ఉన్నాయి. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేటప్పుడు బయటపడతాయి, పాతపేపర్లవాడికి కిలోల్లెక్కన పోతాయి.

ఇంకో ప్రమాదం ఉంది, ఇది చాలా సీరియస్. లక్షల ధర పెట్టి ఫోన్ నంబర్ ఇస్తే నిజమైన కలెక్టర్ ఫోన్ చేయడు, మోసగాడే చేస్తాడు. "మీ ఆల్బమ్ మా కంపెనీ పది లక్షలకి కొంటుంది, ముందు రిజిస్ట్రేషన్ ఛార్జీ కట్టండి" అంటాడు, కడితే జీఎస్టీ అంటాడు, అది కడితే ఇన్‌కమ్ టాక్స్ క్లియరెన్స్ అంటాడు. పాత నాణేలు నోట్ల విషయంలో ఇది ఎంత పెరిగిపోయిందంటే, రిజర్వ్ బ్యాంక్ పేరు లోగో వాడి కమీషన్లు అడుగుతున్నారని, తాము అలాంటి ఏ వ్యవహారంలోనూ లేమని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. స్టాంపులకి కూడా అదే స్క్రిప్టు వాడుతున్నారు. కొనేవాడు మీకు డబ్బులివ్వాలి, మీరు కొనేవాడికి ఇవ్వాల్సిన ఫీజు అంటూ ఏదీ ఉండదు. పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లు, ఆల్బమ్ అమ్మి మనవరాలి ఫీజు కడదామనుకున్నవాళ్లు ఇందులో ఇరుక్కుంటున్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

పిల్లల వైపు నుంచి కూడా చూడాలి. పోస్టల్ డిపార్ట్‌మెంట్ వాళ్లు 2017 నుంచి దీన్ దయాళ్ స్పర్శ్ అని ఒక స్కాలర్‌షిప్ ఇస్తున్నారు, ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకి, ఫిలాటెలీ, అంటే స్టాంపులు పోగేయడం, హాబీగా ఉన్నవాళ్లకి, ఏడాదికి 6,000 రూపాయలు. దాని వల్ల చిన్న ఊళ్లల్లో కూడా కొంతమంది పిల్లలు మళ్ళీ స్టాంపుల గురించి అడుగుతున్నారు. అలాంటి పిల్లాడి నాన్న ఒకాయన, ఆటో నడుపుతాడు, పాత ఆల్బమ్ కొనిద్దామని ఆన్‌లైన్‌లో వెతికి, అన్నా, ఇది డబ్బున్నోళ్ల ఆట కదా, తక్కువలో తక్కువ నలభై వేలు చెప్తున్నారు అన్నాడు నాతో. వెయ్యి రూపాయలకి బ్రహ్మాండమైన స్టార్టర్ ఆల్బమ్ వస్తుంది, నాలుగొందలకి కిలోవేర్ ప్యాకెట్, అంటే కవరు ముక్కల మీదే ఉన్న స్టాంపుల ప్యాకెట్, కొంటే నెలరోజులు నానబెట్టి ఆరబెట్టి విడదీసుకుంటూ కూర్చోవచ్చు. ఆ పిల్లాడికి చేరాల్సిన వేల ఆల్బమ్స్ ఐదు లక్షల కోసం ఎదురుచూస్తూ బీరువాల్లో చుక్కలు పడుతున్నాయి. పెట్టినవాళ్లకీ రూపాయి రావట్లేదు, కావాల్సినవాళ్లకీ దొరకట్లేదు, మధ్యలో స్టాంపులు పాడవుతున్నాయి, దీంట్లో ఎవరికి లాభమో నాకు అర్థం కాదు.

నాన్నగారి కష్టం అన్న మాట నాకు అర్థమవుతుంది. ఆదివారాలు లెన్స్ పెట్టుకుని కూర్చుని, ఏ దేశం స్టాంపు ఆ పేజీలో సర్ది, కింద ఇండియన్ ఇంక్‌తో పేరు రాసి పెట్టిన ఆల్బమ్ చూస్తే నాకూ చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ కష్టానికి తక్కువ ధర చెప్తే ఆయన్నే తక్కువ చేసినట్టు అనిపిస్తుంది పిల్లలకి. కానీ ఆయన ఆ నలభై ఏళ్లూ అమ్మడానికి పోగేయలేదు కదా. ఆ సంతోషం ఆయన అప్పుడే పూర్తిగా తీసుకున్నారు. అమ్మాలంటే మార్కెట్ ధరకి అమ్మండి, లేదూ మనసొప్పదంటే ఉంచుకోండి, మనవళ్లకి చూపించండి, రెండూ మంచివే. రెండిటి మధ్య ఇలా వేలాడదీయడమే బాలేదు.

మీ ఇంట్లో ఆల్బమ్ ఉంటే, ధర పెట్టేముందు కాస్త పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఒక్కో పేజీ నేరుగా ఫోటో తీయండి, ఖరీదైనదేమో అనిపించిన స్టాంపుకి వెనకవైపు కూడా తీయండి. అంటుకుపోయినవాటిని పీకొద్దు. కవర్లు, పోస్టుకార్డులు, మనియార్డర్ రసీదులు ఉంటే స్టాంపులు అస్సలు కత్తిరించొద్దు, నానబెట్టొద్దు. హైదరాబాద్‌లో అయితే అబిడ్స్ జనరల్ పోస్టాఫీసులో ఫిలాటెలిక్ బ్యూరో ఉంది, కలెక్టర్లు అక్కడికి వస్తూపోతూ ఉంటారు, ఒకరిద్దరికి చూపిస్తే దాదాపు ఒకే మాట చెప్తారు. పోస్టల్ వాళ్లు జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఎగ్జిబిషన్లు పెట్టినప్పుడు వెళ్తే ఇంకా మంచిది, డీలర్లూ వస్తారు, ఒకే రోజు నలుగురి రేటు తెలుస్తుంది. 1948 పది రూపాయల గాంధీ, 1854 నాటి విక్టోరియా స్టాంపులు, 1911 అలహాబాద్ మొదటి విమానం టపా కవర్లు లాంటివి నిజంగా ఉన్నాయనిపిస్తే మాత్రం తొందరపడి ఎవరికీ ఇవ్వకండి, సర్టిఫికెట్ తీసుకుని వేలానికి వెళ్లండి. నాకు పంపినా చూసి చెప్తా, డబ్బులేమీ తీసుకోను, చూసిన వస్తువు నేను కొనను కూడా. రంగం ఉత్తరాలు, నిజాం కవర్లు ఎవరి దగ్గరైనా ఉంటే ముందు అవి పంపండి, ఆల్బమ్ తర్వాత చూద్దాం.